ఇంటర్వ్యూకు ముందు బజారునూ చదవండి

మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల డిగ్రీ విద్యార్థులు చాలామంది ఫైనాన్స్ సంస్థల ఇంటర్వ్యూలకు నిర్వచనాలు వల్లెవేసి వెళ్తారు. అవి అవసరమే, కానీ చాలవు. అప్పు 90 రోజులకు మించి బకాయి పడితే మొండి బాకీ అవుతుందని ఎవరైనా చెబుతారు. స్వల్పకాలిక పంట రుణానికి మాత్రం రిజర్వు బ్యాంకు రెండు పంట కాలాల గడువు ఎందుకిచ్చింది? మదనపల్లె టమాటా మార్కెట్టే దానికి జవాబు. 2023 జులైలో కిలో ధర వంద రూపాయలు దాటింది. ధర పడిపోయినప్పుడు కోత కూలీ కూడా గిట్టక రైతులు పంటను పారబోసిన సందర్భాలున్నాయి. అంటే టమాటా రైతుకు డబ్బు కోతకే, అదీ ధర ఉంటేనే వస్తుంది. పుంగనూరు వైపు పాడి రైతుకైతే పాల డబ్బు తరచూ చేతికొస్తుంది. ఈ ఇద్దరికీ ఒకే తరహా వాయిదా నప్పదని వివరించగలిగితే నిబంధన అర్థమైనట్టే.

ఉద్యోగం బెంగళూరులో వస్తే ఈ లెక్కలెందుకు అనొచ్చు. ఊరు మారినా ఆదాయం ఎప్పుడొస్తుంది, ఎంత నిలకడగా వస్తుంది అన్న ప్రశ్న మారదు. ఇంగ్లిష్ బెరుకు నిజమే. దాన్ని సాధనతో తగ్గించుకోవాలి. అయితే మూడు రాష్ట్రాలు కలిసే కుప్పంలో తెలుగు, తమిళం, కన్నడం మాట్లాడగలగడం ఖాతాదారులతో మెలిగే ఉద్యోగానికి అర్హతే. దాన్ని దాచుకోకండి. నేర్చుకున్న ప్రతి నిర్వచనానికీ మీ ఊరి ఉదాహరణ ఒకటి సిద్ధం చేసుకోండి.