దూరం నుంచి రాసిన అడవి

హరినాభి బళ్ళో పాఠాలు చెప్పుకుంటున్న కుర్ర పంతులుగారిని ఆ ఊరి యువకుడొకడు భలే ఇరుకున పెట్టాడని చెబుతారు. మాస్టారి పుస్తకం త్వరలో వస్తోందంటూ ఊరంతా కాగితాలు అంటించేశాడట. మాస్టారు అప్పటికి ఒక్క కథైనా అచ్చులో చూసుకోలేదు. కనపడ్డవాళ్ళల్లా ‘పుస్తకం ఎప్పుడండీ?’ అంటుంటే పరువు దక్కించుకోవడానికి ఓ కథ రాసి ‘ప్రవాసి’ పత్రికకు పంపాడు. 1922లో అది అచ్చయింది. కలకత్తా దగ్గరి పల్లెలో అలా రచయితైన ఆ మాస్టారే ‘పథేర్ పాంచాలి’ అనే బెంగాలీ నవల రాసిన విభూతిభూషణ్ బందోపాధ్యాయ.

సరదా కథే. కానీ ఆ కాగితాలు అంటించకపోయినా ఆయన రాసేవాడే అని నా నమ్మకం. తండ్రి మహానంద సంస్కృత పండితుడు. వృత్తి కథకత, అంటే మన పురాణ కాలక్షేపం లాంటిది. పిలుపు వచ్చిన ఊరికల్లా వెళ్ళడం, కథ చెప్పడం, ఇచ్చిన సంభావన పుచ్చుకుని ఇంటికి రావడం. ఆ ఇంట్లో కథలకు కరువు లేదు, కరువంతా తిండిగింజలకే. విభూతి బడి చదువు పూర్తి కాకముందే తండ్రి పోయాడు. ‘పథేర్ పాంచాలి’లో రేపోమాపో మంచిరోజులు వస్తాయని ఊళ్ళు పట్టుకు తిరిగే హరిహర్‌ని చదివితే మహానంద ఎలాంటివాడో ఊహించుకోవచ్చు. కొడుకు తండ్రి పేదరికాన్ని రాశాడు గానీ తండ్రిని చిన్నబుచ్చలేదు.

విభూతిని ‘ప్రకృతి ఆరాధకుడు’ అని ఒక్క మాటలో తేల్చేయడం మనవాళ్ళకు అలవాటు. ఇచ్ఛామతి నది, వెదురు పొదలు, రెల్లు పూలు కళ్ళముందు పెట్టుకుని రాశాడనుకుంటాం. నిజానికి బన్‌గావ్ దగ్గరి తన పల్లె మీద నవల రాసేనాటికి ఆయన ఆ పల్లెలో లేడు. బిహార్‌లోని భాగల్‌పూర్‌లో ఉన్నాడు.

అక్కడికి చేరడానికి ముందు చాలా తిరిగాడు. పెళ్ళయిన ఏడాదికే భార్య గౌరి చనిపోయింది. పల్లెటూరి బళ్ళలో పంతులుగా చేశాడు. గోసంరక్షణ ప్రచారకుడిగా తూర్పు బెంగాల్ ఊళ్ళన్నీ చుట్టాడు. కలకత్తాలోని ఖేలాత్ ఘోష్ కుటుంబంలో పిల్లలకు చదువు చెప్పాడు. ఆ జమీందార్లే 1924లో తమ ఎస్టేటుకు అసిస్టెంట్ మేనేజరుగా భాగల్‌పూర్ పంపారు. అక్కడి ఒంటరితనంలో విడిచివచ్చిన పల్లె మీద బెంగ పుట్టింది. ‘పథేర్ పాంచాలి’ ఆ బెంగలోంచి వచ్చింది. మొదటి ప్రతిలో కథానాయకుడు అపుకి అక్క అయిన దుర్గ లేనేలేదట. భాగల్‌పూర్‌లో ఒకనాడు జుట్టు గాలికి రేగిపోతున్న ఓ ఆడపిల్ల కంటపడిందని, ఆ పిల్ల కోసం నవలను మొదటికంటా తిరగరాశాడని అంటారు. 1928లో ‘విచిత్ర’ పత్రికలో ధారావాహికగా మొదలైంది, 1929లో పుస్తకమైంది. ఆ పిల్ల ఎదురుపడకపోతే ఆ నవలలో అక్కాతమ్ముళ్ళ కథే ఉండేది కాదు!

ఎస్టేటులో ఆయన ఉద్యోగం ఏమిటో తెలుసా? అడవిని కొట్టించి, ఆ నేలను రైతులకు కౌలుకివ్వడం. గుర్రమెక్కి వెన్నెల్లో ఏ అడవిలో తిరిగి మైమరచిపోయాడో, పగలు కచేరీలో కూర్చుని ఆ అడవినే ముక్కలుగా పంచిపెట్టాడు. ఆ అపరాధం కడుపులో పెట్టుకునే కలకత్తా తిరిగొచ్చి మళ్ళీ బడిపంతులయ్యాడు. ఆ అడవి మీద ‘ఆరణ్యక్’ నవల రాసింది అప్పుడు, 1937-39 మధ్య, ఆ అడవికి దూరంగా నగరంలో. పల్లెను అడవి నుంచి చూశాడు, అడవిని నగరం నుంచి చూశాడు. అందుకే ఆ వర్ణనల్లో కన్ను కన్నా మనసు ఎక్కువ పనిచేసింది.

ఇక బడి. రచయితకు పంతులుద్యోగం గుదిబండ అనేవాళ్ళు విభూతి పుస్తకాలు తిరగేయాలి. ‘పథేర్ పాంచాలి’లో అపు చదువుకునే బడి ఒక కిరాణా కొట్టు. ప్రసన్న గురువుగారు ఒక చేత్తో సరుకులు తూస్తూ, ఇంకో చేత్తో బెత్తం ఆడిస్తూ చదువు చెబుతాడు. ‘ఆరణ్యక్’లో మటుక్‌నాథ్ పండితుడు అడవి మధ్య సంస్కృత పాఠశాల తెరుస్తాడు. విద్యార్థులు మాత్రం లేరు. నవ్వొస్తుంది, నవ్వాక గొంతు పట్టేస్తుంది. 1942లో వచ్చిన ‘అనువర్తన్’ అయితే కలకత్తా బడిపంతుళ్ళ బతుకే. జీతం కోసం ఎదురుచూపులు, ట్యూషన్ల పరుగులు, యుద్ధభయం. మాస్టార్ల గదిలో ఏళ్ళ తరబడి కూర్చోనివాడు ఆ నవల రాయలేడు. పిల్లవాడికి ప్రపంచం ఎంత ఎత్తున కనిపిస్తుందో ఆయనకు తెలియడంలో కూడా ఈ కొలువుకు వాటా ఉంది. పేరొచ్చాక కూడా మానలేదు, చివరి ఏళ్ళలో సొంత ఊరి పక్కనున్న గోపాల్‌నగర్ బళ్ళో పాఠాలు చెప్పాడు. 1950 నవంబరు 1న ఘాట్‌శిలలో కన్నుమూశాడు. ‘ఇచ్ఛామతి’ నవలకు రవీంద్ర పురస్కారం ఆయన పోయాక వచ్చింది.

‘పథేర్ పాంచాలి’ని మద్దిపట్ల సూరి, ‘ఆరణ్యక్’ని ‘వనవాసి’ పేరుతో సూరంపూడి సీతారాం ఎప్పుడో తెలుగు చేసి పెట్టారు. సత్యజిత్ రాయ్ ‘పథేర్ పాంచాలి’ సినిమా చూసి నవల తెలుసనుకునేవాళ్ళు ముందు ‘వనవాసి’తో మొదలుపెట్టండి. మటుక్‌నాథ్ దగ్గరికి వచ్చేసరికి మాత్రం తొందరపడకండి.