పౌరుల సంధి యత్నాలు: భారత్, పాకిస్తాన్ అనుభవం

దేశాల మధ్య తగవు వస్తే తీర్చవలసినవి ప్రభుత్వాలే అనే అభిప్రాయం లోకంలో స్థిరపడి ఉంది. నల్లకుంట, తార్నాకల నడుమనున్న ఉస్మానియా ప్రాంగణంలో రాజనీతి శాస్త్రం చదివే విద్యార్థి కూడా రాయబారుల గురించి, ఒడంబడికల గురించే ఎక్కువగా చదువుతాడు. ఐతే ఏ పదవీ లేని పౌరులు అవతలి దేశపు పౌరులతో కూర్చుని చేసే ప్రయత్నం కూడా ఒకటి ఉంది. 1981లో అమెరికా దౌత్యవేత్త జోసెఫ్ మాంట్‌విల్ ఇటువంటి యత్నాలకు 'రెండవ బాట దౌత్యం' అని పేరు పెట్టాడు.

పేరు కొత్తదైనా పని పాతదే. దైవప్రవక్త ముహమ్మద్ (స) ప్రవక్త పదవికి పూర్వం, యౌవనంలో, మక్కాలో అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట జరిగిన 'హిల్ఫుల్ ఫుజూల్' ఒడంబడికలో పాల్గొన్నారు. యెమెన్ నుండి వచ్చిన ఒక వర్తకుడు, తాను అమ్మిన సరుకుకు సొమ్ము రాలేదని మొరపెట్టుకున్నాడు. అప్పుడు కొన్ని వంశాలవారు ఏకమై, బాధితుడు ఎవరైనా సరే అతని హక్కు దక్కేవరకు అండగా నిలుస్తామని ప్రమాణం చేశారు. మక్కాలో అప్పుడు రాజు లేడు, న్యాయస్థానం లేదు. ఆ పని చేసినవారు పౌరులే. దివ్య ఖుర్ఆన్ కూడా అల్ హుజురాత్ సూరా 9వ ఆయత్‌లో, విశ్వాసుల రెండు వర్గాలు పోరాడుకున్నప్పుడు చేయవలసిన సంధిని న్యాయంతో ముడిపెట్టింది.

మన కాలంలో ఇందుకు తగిన ఉదాహరణ, 2024 మార్చి 15న హైదరాబాదులో కన్నుమూసిన అడ్మిరల్ లక్ష్మీనారాయణ రామ్‌దాస్. 1971 యుద్ధంలో 'బియాస్' నౌకను నడిపి వీరచక్ర పొందిన ఆయన, 1990 నుండి 1993 వరకు భారత నౌకాదళాధిపతిగా ఉన్నారు. పదవీ విరమణ తర్వాత, 1994లో ఏర్పడిన పాకిస్తాన్–ఇండియా ప్రజల శాంతి, ప్రజాస్వామ్య వేదికలో పనిచేశారు. అవతలివైపు ఆ వేదికకు పెద్దదిక్కు పాత్రికేయుడు ఐ.ఎ. రెహ్మాన్. 2004లో ఇద్దరికీ కలిపి రామన్ మెగసెసే పురస్కారం లభించింది.

ఇటువంటివారి పని మూడు విధాలు. మొదటిది కలయిక. ఈ వేదిక తొలి ఉమ్మడి మహాసభ 1995 ఫిబ్రవరిలో ఢిల్లీలో జరిగింది. రెండవది, ఎవరి ప్రభుత్వాన్ని వారు ప్రశ్నించడం. 1998 మే నెలలో రెండు దేశాలూ అణుపరీక్షలు జరిపినప్పుడు శాంతివాదులు ఇరువైపులా నిరసన తెలిపారు. మూడవది, పెద్ద వివాదం తీరే వరకు ఆగకుండా, దాని నడుమ నలిగే మనుషుల గోడు పట్టించుకోవడం.

ఈ మూడవది తెలుగువారికి బాగా తెలిసినదే. సర్ క్రీక్ వద్ద సముద్ర సరిహద్దు నేటికీ తేలలేదు. గుజరాత్ పడవలపై పనికి వెళ్ళిన ఉత్తరాంధ్ర మత్స్యకారులను 2018 నవంబరులో పాకిస్తాన్ గస్తీ దళం పట్టుకుంది. వారిలో 20 మంది ఏడాదికి పైగా కరాచీలో జైలు అనుభవించి, 2020 జనవరి 6న వాఘా దాటి వచ్చారు. సింధు తీరపు జాలర్లు కూడా ఇదే విధంగా భారత జైళ్ళలో మగ్గుతుంటారు.

ఖైదీలను విడిచేది ప్రభుత్వాలే. వారిని జనం మరచిపోకుండా చూసేది మాత్రం కుటుంబాలు, మత్స్యకార సంఘాలు, శాంతి వేదికలు. 2007లో రెండు దేశాల విశ్రాంత న్యాయమూర్తులతో ఏర్పడిన కమిటీ ఉభయ దేశాల జైళ్ళను సందర్శించింది. 2013 తర్వాత ఆ పర్యటనలు ఆగిపోయాయి. 2008 ఒప్పందం ప్రకారం ఏటా జనవరి 1న, జూలై 1న ఖైదీల జాబితాలు మార్చుకుంటారు.

ఈ పనికి హద్దులున్నాయి. వీసా లేనిదే కలయిక లేదు. 2025 ఏప్రిల్‌లో పహల్గాం హత్యాకాండ తర్వాత వీసాలు రద్దయ్యాయి, అట్టారి ద్వారం మూతపడింది, మే నెలలో పోరు జరిగింది. అయినా జూలై 1న జాబితాలు చేతులు మారాయి. పాకిస్తాన్ ఇచ్చిన జాబితాలో 193 మంది భారత జాలర్లు, భారత్ ఇచ్చిన దానిలో 81 మంది పాకిస్తాన్ జాలర్లు ఉన్నారు.

శాంతి మాట ఎత్తినవారిపై అనుమానపు చూపు పడుతుంది. ఆ మాట అన్నది ముస్లిం అయితే ఆ చూపు మరింత తీక్షణమవుతుంది. దానికి జంకి మౌనం వహించడం సులభమే, కాని జైలులోని జాలరికి ఆ మౌనం వల్ల మేలు లేదు. శ్రీకాకుళం జాలరి కోసం అడిగే నోరు సింధు జాలరి కోసమూ అడగాలి. ఆనాడు అబ్దుల్లా బిన్ జుద్ఆన్ ఇంట చేసిన ప్రమాణంలోని న్యాయమూ ఇదే.