సైకిలు సీటు పుండ్లు

దూరగ్రామములనుండి సైకిలుపై బడికి వచ్చు విద్యార్థులు కొందఱు కూర్చుండుచోట పుట్టిన పుండును సిగ్గుచే దాచి, అది సెగగడ్డయైన పిమ్మట మంచము పట్టుదురు.

ఒత్తిడి, రాపిడి, చెమట చేరి చర్మమును ఒరయగా రోమకూపములందు క్రిములు ప్రవేశించును. సీటు మిక్కిలి ఎత్తైనచో నడుము ఇటునటు ఊగి రాపిడి హెచ్చును. క్రిందికి దిగిన పెడలుపై మడమ నుంచినపుడు కాలు తిన్నగా చాగినచో ఆ ఎత్తు తగినది. నడుమ నడుమ సీటునుండి లేచి త్రొక్కుడు. ఇల్లు చేరగానే చెమటబట్టలు విడిచి స్నానము చేయుడు.

చర్మము ఎఱ్ఱబడినచో సబ్బునీటితో కడిగి, తడి యొత్తి, వాసెలైను రాయుడు. మానువఱకు సైకిలు ఎక్కకుడు. గడ్డను చిదుమక, గోరువెచ్చని నీట ముంచిన శుభ్రమైన గుడ్డతో కాపడము పెట్టుడు. జ్వరము వచ్చినను, ఎఱుపు వ్యాపించినను వైద్యునకు చూపవలెను.

దేవుడిచ్చిన దేహమును కాపాడుకొనుటకు సిగ్గేల? పుండు చిన్నదై యున్నపుడే తల్లిదండ్రులకు చెప్పుడు.