శ్రీశైలం జలాశయం: ప్రయోజనాలు, భద్రతా ఏర్పాట్లు

కృష్ణానదిపై నల్లమల కొండల నడుమ నిర్మించిన శ్రీశైలం ఆనకట్ట ఉభయ తెలుగు రాష్ట్రాలకు విద్యుత్తును, సాగునీటిని, తాగునీటిని అందిస్తున్న బహుళార్థసాధక ప్రాజెక్టు. ఏటా వర్షాకాలంలో ఎగువనుండి వరద ప్రారంభం కాగానే జలాశయ నీటిమట్టం, గేట్ల నిర్వహణ, ఆనకట్ట భద్రత గురించి అనేక సందేహాలు వ్యక్తమవుతుంటాయి. ఈ నేపథ్యంలో ప్రాజెక్టు ప్రయోజనాలను, భద్రతకు సంబంధించిన ముఖ్యాంశాలను ఇక్కడ వివరించడమైనది.

ప్రాజెక్టు ప్రయోజనాలు

1963లో అప్పటి ప్రధానమంత్రి జవహర్‌లాల్ నెహ్రూ ఈ ప్రాజెక్టుకు శంకుస్థాపన చేశారు. ప్రారంభంలో దీనిని ప్రధానంగా జలవిద్యుత్ ప్రాజెక్టుగానే రూపొందించారు. కుడిగట్టు కేంద్రంలో 110 మెగావాట్ల యూనిట్లు 7, ఎడమగట్టు భూగర్భ కేంద్రంలో 150 మెగావాట్ల యూనిట్లు 6 కలవు. ఎడమగట్టు యూనిట్లు దిగువ నీటిని తిరిగి జలాశయంలోకి ఎత్తిపోయగల రివర్సిబుల్ తరహాకు చెందినవి.

కాలక్రమంలో సాగునీటి, తాగునీటి అవసరాలు దీనికి జతచేరాయి. పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ ద్వారా తరలే నీరు బనకచర్ల వద్ద విడిపోయి రాయలసీమ కాలువలకు, తెలుగుగంగకు చేరుతుంది. చెన్నై నగర తాగునీటికై ఆంధ్రప్రదేశ్, కర్ణాటక, మహారాష్ట్ర తమ వాటాలనుండి 5 టీఎంసీల చొప్పున కేటాయించిన 15 టీఎంసీలకు కూడా ఈ జలాశయమే ఆధారం. హంద్రీ-నీవా, కల్వకుర్తి ఎత్తిపోతల పథకాలు సైతం ఇక్కడినుండే నీటిని తీసుకుంటున్నాయి.

ఈ ప్రయోజనాల వెనుక నిర్వాసితుల త్యాగం ఉన్నది. సుమారు 100 గ్రామాలు ముంపునకు గురికాగా వేలాది కుటుంబాలు ఇళ్లను, పొలాలను విడిచి వెళ్లవలసి వచ్చింది. నీటిమట్టం తగ్గినప్పుడు మాత్రమే దర్శనమిచ్చే సంగమేశ్వరాలయం ఆ ముంపునకు నేటికీ సాక్ష్యంగా నిలిచి ఉన్నది.

నీటి లెక్కలు

జలాశయ పూర్తిస్థాయి నీటిమట్టం 885 అడుగులు. తొలుత నిల్వ సామర్థ్యం 308 టీఎంసీలు కాగా, పూడిక చేరడం వలన తదుపరి సర్వేల ప్రకారం అది సుమారు 215.8 టీఎంసీలకు తగ్గినది. అనగా నీటిమట్టం అదే అయినప్పటికీ నిల్వ మునుపటిది కాదు. పాత పట్టికలతో పోల్చి వార్తలు రాసేటప్పుడు ఈ తేడాను గమనించవలసి ఉంటుంది.

టీఎంసీ నిల్వకు కొలత. క్యూసెక్కు ప్రవాహానికి కొలత. సెకనుకు ఒక ఘనపుటడుగు చొప్పున పారే నీరు ఒక క్యూసెక్కు. 100 కోట్ల ఘనపుటడుగుల నీరు ఒక టీఎంసీ. సుమారు 11,574 క్యూసెక్కుల ప్రవాహం 24 గంటలు కొనసాగినచో ఒక టీఎంసీ నీరు చేరుతుంది.

2009 అక్టోబరు వరద

2009 అక్టోబరు మొదటి వారంలో కృష్ణా, తుంగభద్ర పరీవాహక ప్రాంతాలలో కురిసిన భారీ వర్షాల ఫలితంగా శ్రీశైలానికి 25 లక్షల క్యూసెక్కులకు పైగా వరద వచ్చింది. స్పిల్‌వే రూపకల్పనలో లెక్కలోకి తీసుకున్న ప్రవాహాన్ని ఇది మించిపోయింది. నీటిమట్టం పూర్తిస్థాయిని దాటి 10 అడుగులకు పైగా పెరిగింది. ఎగువన కర్నూలు నగరం జలమయమైంది. ఆనకట్ట మాత్రం ఈ ఒత్తిడిని తట్టుకొని నిలిచింది.

25 లక్షల క్యూసెక్కుల ప్రవాహం ఒక రోజు కొనసాగితే అది సుమారు 216 టీఎంసీలతో సమానం. ఇది నేటి జలాశయ మొత్తం నిల్వకు దాదాపు సరిసమానం. కనుక ఇంతటి వరదను జలాశయంలో ఆపివేయడం సాధ్యం కాదు. ఎగువనుండి సమాచారం అందిన వెంటనే నీటిని ముందస్తుగా విడుదల చేసి ఖాళీ ఏర్పరచడమే మార్గం. అయితే విద్యుత్తు, సాగునీటి అవసరాలకు జలాశయం నిండుగా ఉండాలి. వరద రక్షణకు కొంత ఖాళీగా ఉండాలి. ఈ రెండింటి మధ్య సమతూకం పాటించడమే నిర్వహణలో అత్యంత క్లిష్టమైన అంశం.

భద్రతా ఏర్పాట్లు

ఆనకట్టకు 12 రేడియల్ క్రస్టు గేట్లు కలవు. వరద సమయంలో గేట్లు ఎత్తడం ప్రమాదానికి సంకేతం కాదు. ఆనకట్టపై ఒత్తిడి పెరగకుండా చేపట్టే సాధారణ చర్య. గేటు అవసరమైన వేళ పనిచేయకపోవడమే అసలైన ప్రమాదం. 2021 ఆగస్టులో పులిచింతల 16వ గేటు, 2024 ఆగస్టులో తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయిన సంఘటనలు గేట్లు, గొలుసులు, తాళ్ల నిర్వహణ ఎంత కీలకమో తెలియజేశాయి.

ఆనకట్ట లోపలి గ్యాలరీలలో ఊటనీటి పరిమాణాన్ని నమోదు చేస్తారు. కాంక్రీటు, రాతి కట్టడాలలో కొద్దిపాటి ఊట సహజం. అది అకస్మాత్తుగా పెరగడం లేదా నీరు మట్టి రంగులోకి మారడం గమనించవలసిన లక్షణం. స్పిల్‌వే నుండి దూకే నీటి ధాటికి దిగువన ప్లంజ్‌పూల్‌లో ఏర్పడిన కోత మరొక ముఖ్య సమస్య. పునాదులకు హాని కలుగకుండా దీనిని నిరంతరం పరిశీలిస్తూ మరమ్మతులు నిర్వహించవలసి ఉన్నది.

2021 నాటి డ్యామ్ భద్రతా చట్టం ప్రకారం వర్షాకాలానికి ముందు, తరువాత తనిఖీలు జరపాలి. అత్యవసర కార్యాచరణ ప్రణాళిక సిద్ధం చేయాలి. నిపుణులచే నిర్ణీత కాలవ్యవధులలో సమగ్ర భద్రతా మూల్యాంకనం జరిపించాలి.

సమాచార ప్రాధాన్యం

నీటి విడుదలకు ముందు దిగువ గ్రామాలకు, మత్స్యకారులకు, నదీస్నానానికి వచ్చే యాత్రికులకు హెచ్చరిక చేరవలసి ఉంటుంది. రెవెన్యూ, పోలీసు, జలవనరుల శాఖల సమన్వయం ఇందుకు అత్యవసరం. నీటిమట్టం, ఇన్‌ఫ్లో, అవుట్‌ఫ్లో అంకెలను ఏ గంటకు నమోదైనవో పేర్కొంటూ ప్రచురించినచో ప్రజలకు వాస్తవ పరిస్థితి తెలుస్తుంది. గంటల వ్యవధిలో మారిపోయే వరదలో నిన్నటి అంకె నేటి హెచ్చరికగా పనికిరాదు. ధ్రువీకరించని పగుళ్ల వార్తలు భయాందోళనలకు దారితీస్తాయి. సకాలంలో అందిన కచ్చితమైన హెచ్చరిక ప్రాణాలను కాపాడుతుంది.