అసలు కంటే వడ్డీ ముద్దు: ఎందుకు?

మనవళ్లు, మనవరాళ్ల మీద పెద్దవాళ్ల ప్రేమ గురించి మనకో సామెత ఉంది: అసలు కంటే వడ్డీ ముద్దు. కన్నబిడ్డలు అసలు, వాళ్ల బిడ్డలు వడ్డీ. వడ్డీ ఎందుకంత ముద్దు?

మొదటి కారణం తీరిక. మాది చిక్కబళ్లాపురం జిల్లా, గౌరిబిదనూరు తాలూకాలోని తొండేభావి. మా అవ్వ ఒకసారి అనింది: "మీ నాయన ఎప్పుడు నడక నేర్చినాడో నేను చూడలేదమ్మా, చేనులో ఉంటిని. మీ తమ్ముడి తొలి అడుగు మాత్రం చూసినా." బిడ్డల్ని పెంచేటప్పుడు కూలి, అప్పు, ఫీజు అన్నీ నెత్తి మీదుంటాయి. మనవడి దగ్గరికి వచ్చేసరికి ఆ బరువు కొడుకు, కోడలి మీదికి పోతుంది. అవ్వకు ముద్దు చేసే పని మిగులుతుంది.

రెండోది, వినే చెవి. పాత కరువు సంగతులు, అచ్చనగాయల ఆట ఇంట్లో ఇంకెవరికీ అక్కర్లేదు. పిల్లలకు మాత్రం అన్నీ కొత్తే.

ఆ చెవికి భాష తెలిసుండాలి. మా వైపు బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. రెండూ మాకు సొంతమే. చింతామణి తాలూకా కైవారం నారాయణప్ప ఆ రెండింటిలోనూ రాశారు. ఆయన్ని మా వైపు "కైవారం తాతయ్య" అనే పిలుస్తారు. మా వీధిలో చాలామందికి తెలుగు పుస్తకంలోంచి రాలేదు, అవ్వ ఒడిలోంచి వచ్చింది. నేను తెలుగు అక్షరాలు నేర్చింది కూడా ఆ తర్వాతే.

ఇప్పుడు బెంగళూరులో ఉండే మా బంధువుల పిల్లలకు ఇంగ్లీషే వస్తుంది. పండక్కి వస్తే అవ్వ వాళ్ల తల నిమురుతుంది, తినడానికి పెడుతుంది. కథ మాత్రం చెప్పలేదు. ప్రేమ ఉంది, మాట లేదు.

2003లో యునెస్కో నిపుణులు ఒక భాష ఆరోగ్యాన్ని చూడడానికి 9 అంశాలు చెప్పారు. మొదటిది, ఆ భాష ఒక తరం నుంచి ఇంకో తరానికి అందుతోందా అని. అవ్వాతాతలు మాత్రమే మాట్లాడుతూ, అమ్మానాన్నలు పిల్లలతో మాట్లాడకపోతే ఆ భాష తీవ్ర ప్రమాదంలో ఉన్నట్టు. న్యూజిలాండ్‌లో మావోరీలు ఇది గ్రహించి 1982లో "కొహంగా రెయో", అంటే భాషాగూళ్లు, మొదలుపెట్టారు. బడి వయసు రాని పిల్లల్ని పెద్దవాళ్ల దగ్గర కూర్చోబెట్టి మావోరీలోనే మాట్లాడించారు.

మన ఇళ్లల్లో ఆ గూడు ఇంకా ఉంది. అయితే అవ్వను జీతం లేని ఆయాగా చేయకూడదు. రోజంతా పిల్లల వెనక పరుగెత్తితే ముద్దు పోయి మోకాళ్ల నొప్పే మిగులుతుంది. ఆమెకు కావాల్సింది సాయంత్రం ఒక గంట, తన భాషలో "ఊ" కొట్టే ఒక బిడ్డ.

ఈ సెలవుల్లో ఊరికి పోయినప్పుడు మీ ఇంటి చిన్నపిల్లల్ని ఫోన్ పక్కన పెట్టించి అవ్వ దగ్గర కూర్చోబెట్టండి. మీరూ కూర్చోండి.