బండి తిరిగిన కిలోమీటర్లు రాసుకుంటే పన్ను తగ్గుతుందా?

జోగులాంబ గద్వాల జిల్లా ఇటిక్యాలలో బోరు మోటార్లు బాగుచేసే ఒక మెకానిక్ ఉన్నారనుకుందాం. పొద్దున ఎర్రవల్లి చౌరస్తా, మధ్యాహ్నం గద్వాల, సాయంత్రం బీచుపల్లి దగ్గర ఏదో పొలం. షాపులో కన్నా బండి మీదే ఎక్కువసేపు. పెట్రోలు ఖర్చు ఏడాదికి వేలల్లో ఉంటుంది. ఆ ఖర్చును ఆదాయపు పన్ను లెక్కలో తీసేయొచ్చా? దానికి రోజూ కిలోమీటర్లు రాసుకోవాలా?

బ్రిటన్, అమెరికాల్లో సొంత పని చేసుకునేవాళ్లు మైలుకు ఇంత అని ప్రభుత్వం ప్రకటించిన రేటుతో ఖర్చు చూపొచ్చు. యూట్యూబ్‌లో కనిపించే చాలా సలహాలు అక్కడివే. మన దగ్గర అలాంటి రేటు లేదు.

ముందు తేల్చుకోవాల్సింది ఇది

మీరు రిటర్న్ ఏ పద్ధతిలో వేస్తున్నారు? చిన్న వ్యాపారుల్లో చాలామంది వేసేది ఐటీఆర్-4. దీని వెనక ఉన్నది ఆదాయపు పన్ను చట్టం-1961లోని సెక్షన్ 44ఏడీ. (2026 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టంలో నంబరు మారింది, పద్ధతి కొనసాగుతోంది.) ఏడాది వసూళ్లు 2 కోట్ల రూపాయల లోపు ఉంటే, నగదుగా వచ్చిన దాంట్లో 8 శాతం, యూపీఐ లేదా బ్యాంకు ద్వారా వచ్చిన దాంట్లో 6 శాతం లాభంగా చూపితే సరిపోతుంది. మన మెకానిక్‌కు ఫోన్‌లో 6 లక్షలు, చేతికి 3 లక్షలు వచ్చాయనుకుంటే 36 వేలు, 24 వేలు కలిపి లాభం 60 వేలు. ఇది కనీసం. నిజంగా అంతకన్నా ఎక్కువ మిగిలితే ఆ ఎక్కువే చూపాలి.

ఈ పద్ధతిలో పెట్రోలు, టైర్లు, బండి తరుగుదల అన్నీ ఆ శాతంలోనే కలిసిపోయినట్టు లెక్క. విడిగా ఒక్క రూపాయి కూడా తీసేయనివ్వరు. అంటే పన్ను కోసం కిలోమీటర్లు రాయాల్సిన పని లేదు. పైగా 2025-26 నుంచి కొత్త విధానంలో 12 లక్షల వరకు ఆదాయంపై రిబేటు ఉంది కాబట్టి, చాలామందికి కట్టాల్సిన పన్నే ఉండదు.

మరి ఎవరికి అవసరం?

అసలు ఖర్చులు చూపి ఐటీఆర్-3 వేసేవాళ్లకు. పైపులు, వైర్లు, మోటార్లు తామే కొని బిగించే కాంట్రాక్టర్లకు కొన్నిసార్లు 8 శాతం కూడా మిగలదు. ఇంకొందరికి ఆదాయం 12 లక్షలు దాటుతుంది. అయితే ఒక మెలిక ఉంది. ఒకసారి 44ఏడీలోకి వచ్చి, ఐదేళ్లలోపు బయటికి వెళ్తే, తర్వాతి ఐదేళ్లు మళ్లీ రానివ్వరు. ఆ కాలంలో ఆదాయం మినహాయింపు పరిమితి దాటితే ఖాతా పుస్తకాలు, ఆడిట్ తప్పవు. పెట్రోలు ఖర్చు ఒక్కటి చూసుకుని ఇటు అటు దూకితే ఆడిటర్ ఫీజు అంతకన్నా ఎక్కువవుతుంది.

ఐటీఆర్-3 వేసేవాళ్లకు నియమం తేలికే: బండిని పనికీ ఇంటికీ వాడుతుంటే పనికి వాడిన వాటానే ఖర్చు. ఆ వాటా ఎంతో చూపించేది కిలోమీటర్ల పుస్తకం. తేదీ, బయల్దేరినప్పుడు మీటర్ రీడింగ్, తిరిగొచ్చాక రీడింగ్, ఏ ఊరు, ఏం పని. ఒక్క వరుస చాలు: "18,240 - 18,298, గద్వాల, మోటార్ రివైండింగ్". ఏడాది చివర కూర్చుని ఒకే పెన్నుతో రాసిన పుస్తకాన్ని ఎవరూ నమ్మరు. అదే రోజు ఫోన్‌లో మీటర్ ఫొటో తీసుకున్నా మంచిదే.

లెక్క ఇలా ఉంటుంది. ఏడాదిలో బండి 12,000 కిలోమీటర్లు తిరిగింది, అందులో పనికి 9,000. అంటే 75 శాతం. పెట్రోలు 26,000, సర్వీసింగ్ 5,000, ఇన్సూరెన్స్ 1,500. 90,000 పెట్టి కొన్న బండిపై మొదటి ఏడాది తరుగుదల 15 శాతం, అంటే 13,500. మొత్తం 46,000లో 75 శాతం, 34,500 రూపాయలు ఖర్చుగా చూపొచ్చు. ఆ ఏడాది బండిని 180 రోజులకన్నా తక్కువ వాడితే తరుగుదల సగమే. బండి లోను ఉంటే వడ్డీలో కూడా అదే వాటా వస్తుంది, అసలు రాదు. ట్రాఫిక్ చలాన్లు మాత్రం చూపకూడదు, పనిమీద వెళ్తుండగా పడినా సరే. ఇంటి నుంచి షాపుకు వెళ్లే దారిని సొంత ఖాతాలో వేసుకోవడమే మేలు.

బండి కొనేటప్పుడు ఇంకో జాగ్రత్త: ఒకే రోజు 10 వేలకు మించి నగదుగా కట్టిన మొత్తం తరుగుదల లెక్కలోకి రాదు.

ఐటీఆర్-4 వేసేవాళ్లు కూడా ఒక నెలపాటు ఈ పుస్తకం రాసి చూడొచ్చు, పన్ను కోసం కాదు. పై 46,000ను 12,000తో భాగిస్తే కిలోమీటరుకు దాదాపు 3 రూపాయల 83 పైసలు పడుతోంది. గద్వాల వెళ్లొచ్చిన 58 కిలోమీటర్లకు బండి ఖర్చే 222 రూపాయలు. విజిటింగ్ చార్జీ 200 తీసుకుంటుంటే, స్క్రూడ్రైవర్ బయటికి తీయకముందే 22 రూపాయలు చేతి నుంచి పోయినట్టు.