గుత్తి పేరు మోస్తున్న నీలి సాలీడు

1899వ సంవత్సరంలో లండన్‌లోని బ్రిటిష్ మ్యూజియంలో సాలెపురుగులు, తేళ్ళు, జెర్రులు, రోకలిబండల సేకరణను చూసే బాధ్యత రెజినాల్డ్ పోకాక్ అనే శాస్త్రజ్ఞునిది. ఆయన అప్పటికి నలభై ఏళ్ళు నిండని యువకుడు. భారతదేశం నుంచి వచ్చిన నమూనాలలో ఒకదానిని పరిశీలించి, ఇది అంతవరకు శాస్త్రలోకానికి తెలియని జాతి అని ఆయన నిర్ణయించాడు. ఆ నమూనా ఒకే ఒక్క ఆడ సాలీడు. దొరికిన చోటు గుత్తి. అదీ ఊరిలో కాదు, రైల్వేవారి కలప అడితిలో.

పోకాక్ దానికి 'పొసిలొథీరియా మెటాలికా' అని నామకరణం చేశాడు. మొదటి పదాన్ని అంతకు 14 ఏళ్ళ ముందే ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు యూజీన్ సిమోన్ గ్రీకు మాటలతో కూర్చాడు. 'చుక్కల మృగం' అని అర్థం. రెండవది లోహపు మెరుపును సూచించే లాటిన్ మాట. ఆ పేరు ఎందుకు పెట్టాడో ఆ సాలీడును చూసినవారికి వేరే చెప్పనక్కరలేదు. నల్లేరు కాడంత లావు కాళ్ళు, వాటి మీద నిగనిగలాడే ముదురు నీలం, ముందు కాళ్ళ అడుగున పసుపుపచ్చని పట్టీలు, వీపు మీద తెల్లని అల్లిక వంటి గీతలు. కాళ్ళు చాపితే మనిషి అరచేతిని దాదాపు కప్పివేస్తుంది. నిజానికి పురుగుకు ఆరు కాళ్ళే. ఎనిమిది కాళ్ళున్న దీనిని శాస్త్రం పురుగుగా లెక్కించదు. మన భాష మాత్రం ఔదార్యంతో దానిని కూడా 'సాలెపురుగు' అనే పిలిచింది.

ఒక జాతికి పేరు పెట్టడమంటే బిడ్డకు బారసాల చేయడం వంటిది కాదు. ఏ నమూనాను చూసి పేరు పెట్టారో దానిని భద్రపరచాలి. అవయవాల కొలతలు, రంగులు, దగ్గర జాతులతో గల తేడాలు అచ్చులో ప్రకటించాలి. అది దొరికిన స్థలాన్ని నమోదు చేయాలి. ముందు తరాలవారికి అనుమానం వస్తే తిరిగి చూసుకోవలసింది ఆ నమూనానే. వెతకవలసి వస్తే వెళ్ళవలసింది ఆ చోటికే. పోకాక్ ఇవన్నీ సక్రమంగానే చేశాడు. చిక్కంతా ఆ చివరి అంశంలో ఉంది.

గుత్తిని చూసినవారెవరికైనా ఈ చిక్కు తట్టవలసిందే. మురారిరావు ఏలిన కోట, బోడి కొండగుట్టలు, ఎండకు కాగిన బండలు - ఇదీ ఆ సీమ. కానీ ఈ సాలీడు చెట్టు తొర్రలలో కాపురముండేది! పాత చెట్ల బోదెలలో ఏర్పడిన తొర్రలలో దారాలల్లుకొని, పగలంతా దాగి, రాత్రివేళ బయటికి వచ్చి కీటకాలను వేటాడుతుంది. వయసు ముదిరిన పెద్ద సాలీళ్ళు ఎత్తయిన తొర్రలను ఎంచుకుంటాయి. తొర్రలు చాలనప్పుడు నాలుగైదు కలిసి ఒకే చోట సర్దుకోవడమూ కద్దు. అటువంటి ప్రాణి గుత్తి బండల మధ్య ఎలా బతుకుతుంది? తరువాత గుత్తి పరిసరాలలో వెతికినవారికి ఒక్కటీ దొరకలేదు. నూరేళ్ళపాటు ఆ జాతి ఉనికికి పోకాక్ రాసిన వర్ణనే ఆధారమైంది.

2001లో నంద్యాల, గిద్దలూరుల నడుమనున్న రక్షితారణ్యంలో అది సజీవంగా కనిపించింది. పోకాక్ వర్ణనకు, దీనికి మధ్య కాలం 102 ఏళ్ళు. ఆ అడవి గుత్తికి ఈశాన్యంగా సుమారు నూరు కిలోమీటర్ల దూరంలో, నల్లమల కొండలలో ఉన్నది. వేసవిలో ఆకురాల్చే అడవి.

ఈ దూరంతో పాత ముడి విడిపోయింది. పోకాక్ కాలం నాటికే నల్లమలను దాటి రైలుమార్గం పడింది. గాజులపల్లె, దిగువమెట్ట స్టేషన్ల మీదుగా ఆ కొండలను దాటే రైళ్ళు అడవి కలపను కూడా మోసేవి. తొర్ర ఉన్న ఏ దుంగలోనో దాగిన ఒక ఆడ సాలీడు, టిక్కెట్టు లేకుండా ప్రయాణం చేసి, గుత్తి అడితిలో దిగి ఉంటుందని శాస్త్రజ్ఞుల ఊహ. అడితిలో దొరకడమే ఈ ఊహకు పెద్ద బలం.

ఇక దాని నీలం సంగతి. మన బట్టలకు వేసే నీలిమందు వంటి రంగుపదార్థం ఆ సాలీడు ఒంట్లో లేదు. దాని వెంట్రుకలలో కంటికి కనిపించనంత సూక్ష్మమైన పొరల అమరిక ఉన్నది. ఆ పొరలు తెల్లని వెలుతురులోని నీలి కిరణాలను మాత్రమే బలంగా వెనక్కు పంపుతాయి. నెమలిపింఛం రంగులకూ మూలం ఇటువంటి అమరికే. అయితే పింఛాన్ని అటూ ఇటూ తిప్పితే రంగు మారుతుంది. ఈ సాలీడు నీలం ఏ పక్కనుంచి చూసినా ఇంచుమించు ఒకే తీరుగా ఉంటుంది. 2015లో అమెరికా పరిశోధకులు వెలువరించిన ఒక వ్యాసం ప్రకారం, పెద్ద సాలీళ్ళ కుటుంబంలో ఈ నీలం కనీసం 8 సార్లు వేరువేరుగా పుట్టింది. చీకటిలో తిరిగే ప్రాణికి ఇంత సోకు ఎందుకు? ఇవి రంగులను సరిగా చూడలేవు గనుక జతను ఆకర్షించడానికి కాకపోవచ్చునని ఆ పరిశోధకులు భావించారు. 2020లో మరొక బృందం ఈ కుటుంబపు సాలీళ్ళలో రంగులను గుర్తించడానికి కావలసిన ప్రోటీనులు పనిచేస్తున్నాయని చూపి, ఆ మాటను తిరిగి విచారణకు తెచ్చింది. వాదం ఇంకా తెగలేదు.

ఈ అందమే దానికి ఆపద తెచ్చింది. విదేశాలలో పెద్ద సాలీళ్ళను గాజుపెట్టెలలో పెంచుకొనే వేడుక ఒకటున్నది. అక్కడివారు దీనికి 'గుత్తి నీలమణి' అనే అర్థం వచ్చే పేరు పెట్టి, బంధనంలోనే పిల్లలు చేయించి అమ్ముకుంటున్నారు. దీని కాటు ప్రాణం తీసినట్లు దాఖలాలు లేవు గాని, తీవ్రమైన నొప్పి, కండరాల బిగుతు కలుగుతాయి. అయినా మనిషిని చూసి ముందు పారిపోయేది అదే.

2008లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య ఈ జాతిని 'అత్యంత ప్రమాదస్థితి' తరగతిలో చేర్చింది. అప్పటి అంచనా ప్రకారం దాని నివాసం 100 చదరపు కిలోమీటర్లకు లోపు. ఆ కాస్త అడవీ కలప నరకడం వల్ల, వంటచెరకు కోసం కొట్టడం వల్ల చెదిరిపోతున్నది. అడవిని కొట్టేవారికి ఈ సాలీడుతో వైరమేమీ లేదు. తొర్రపడిన ముసలి చెట్టు కలపకు అక్కరకు రాదు, పొయ్యిలోకి మాత్రం పనికివస్తుంది. ఈ సాలీడు ఏరికోరి ఇల్లు కట్టుకొనేది అటువంటి చెట్టులోనే. లేతచెట్లు నాటితే అవి తొర్రపడేదాకా ఎన్ని దశాబ్దాలు ఆగాలి?

2019లో జరిగిన అంతర్జాతీయ సదస్సులో ఈ ప్రజాతి సాలీళ్ళన్నింటి వ్యాపారాన్ని నియంత్రణ జాబితాలోకి తెచ్చారు. అప్పటినుంచి దేశం దాటించాలంటే అనుమతి పత్రం ఉండాలి. ఆ జాబితాను ప్రతిపాదించిన దేశాలలో శ్రీలంక ఒకటి; ఈ ప్రజాతి సాలీళ్ళు మన దేశంలోనూ శ్రీలంకలోనూ తప్ప మరెక్కడా సహజంగా లేవు.

ప్రాణి అసలు నివాసం మరొకటని తేలినా, పోకాక్ వర్ణనలో మూలనమూనా దొరికిన చోటు గుత్తి అనే ఉంది. సాలీళ్ళను పెంచుకొనేవారు పిలిచే పేరులోనూ దాని ఊరు గుత్తియే.